ఈఎల్84 ప్లేటు ఎర్రబడుతోంది: కొలిచిన వోల్టేజీలు ఏం చెబుతున్నాయి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఈసీసీ83 (మొదట సిగ్నల్ పెంచేది, లోపల రెండు ట్రయోడ్లు), ఈఎల్84 (స్పీకర్‌ని నడిపేది), ఈజెడ్81 (ఏసీని డీసీ చేసేది) వాల్వులతో ఇంట్లో కట్టుకున్న సింగిల్ ఎండెడ్ (ఔట్‌పుట్‌కి ఒకే వాల్వు ఉన్న) యాంప్లిఫయర్. సర్క్యూట్ కాగితం మీద హెచ్‌టీ (వాల్వులకి వెళ్లే హెచ్చు డీసీ సరఫరా) 270, ఈఎల్84 క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే భాగం) దగ్గర 7.5 వోల్టులు రాసి ఉన్నాయి. కొలిస్తే రెండూ ఎక్కువే వస్తున్నాయి. పాట సన్నగా, చీలిపోయినట్టు వినిపిస్తోంది. పది నిమిషాలు గడిస్తే ఈఎల్84 ప్లేటు (ఆ ఎలక్ట్రాన్లను అందుకునే భాగం) మసక ఎరుపుకి తిరుగుతోంది. వాల్వు మార్చాలా, లేక ఈజెడ్81 తీసేసి డయోడ్లు పెట్టాలా అని అడిగారు.

రెండూ వద్దు. డయోడ్లు పెడితే ఇప్పుడున్న 312 వోల్టుల హెచ్‌టీ 360 దాటుతుంది, ఈఎల్84 ఇంకా త్వరగా పోతుంది. కొత్త వాల్వు పెట్టినా అదీ ఇలాగే ఎర్రబడుతుంది. మీరు పంపిన కొలతల్లోనే జవాబు ఉంది. అందులో తప్పులు ఒకటి కాదు, మూడు. ఒకదానితో ఒకటి సంబంధం లేనివి మూడూ కలిసి ఉండటం వల్లే అయోమయంగా కనిపిస్తోంది.

మీ కొలతలు ఇవి (మీటరు 10 మెగ్, అంటే కోటి ఓమ్స్, ఇన్‌పుట్ ఉన్న డిజిటల్, నల్ల ప్రోబ్ సీ1 మైనస్ దగ్గర):

మెయిన్స్ 242 ఏసీ, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ మీద రాసింది 220
హెచ్‌టీ సెకండరీ ఒక్కో వైపు 275 ఏసీ, రాసింది 250
హీటర్ 6.9 ఏసీ
సీ1 (47 మైక్రో) 312, అక్కడి నుంచి 1కె (వెయ్యి ఓమ్స్ రెసిస్టర్) తర్వాత సీ2 (47 మైక్రో) 304, అక్కడి నుంచి 22కె తర్వాత సీ3 (22 మైక్రో) 282
ఈఎల్84: పిన్ 7 ప్లేటు 298, పిన్ 9 స్క్రీన్ (ప్లేటుకి ముందుండే రెండో గ్రిడ్) 304, పిన్ 3 క్యాథోడ్ 10.4, పిన్ 2 గ్రిడ్ (కరెంటుని అదుపు చేసేది) 2.1
ఈసీసీ83 మొదటి సగం: పిన్ 1 ప్లేటు 282, పిన్ 3 క్యాథోడ్ 0
ఈసీసీ83 రెండో సగం: పిన్ 6 ప్లేటు 182, పిన్ 8 క్యాథోడ్ 1.5
ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ, పవర్ తీసి కొలిస్తే 225 ఓమ్స్

ఇంత పూర్తిగా కొలిచి రాసేవాళ్లు తక్కువ. చివరి వరుసలోని 225 ఓమ్స్ ఎంత పనికొస్తుందో కింద చూడండి.

ముందు ఒక మాట. తప్పులు సరిచేసేదాకా దీన్ని ఆన్‌లో ఉంచకండి. కొలవాల్సి వస్తే ఒక నిమిషం లోపు కొలిచి ఆపేయండి. పవర్ తీశాక కూడా సీ1, సీ2, సీ3 కలిసి 116 మైక్రోఫారడ్లు 300 వోల్టుల మీద కూర్చుని ఉంటాయి. బ్లీడర్ రెసిస్టర్ (పవర్ తీశాక కపాసిటర్లను ఖాళీ చేసేది) లేకపోతే సీ1 కాళ్ల మీద 220కె, 2 వాట్లది ఇప్పుడే వేయండి. ఒకటిన్నర నిమిషంలో 15 వోల్టుల దగ్గరికి దిగుతుంది. అప్పుడు కూడా మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి, బ్లీడర్ టంకం ఊడిపోయే రోజు కూడా ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు రాల్చే అలవాటు మానేయండి. ఇన్సులేటెడ్ వైరుకి 4.7కె, 5 వాట్ల రెసిస్టర్ కట్టి తాకిస్తే రెండు మూడు సెకన్లలో నిశ్శబ్దంగా దిగిపోతుంది. ఆన్‌లో కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్‌ని క్రొకడైల్ క్లిప్‌తో సీ1 మైనస్‌కి కరిపించి వదిలేయండి, ఎర్ర ప్రోబ్ ఒక్క చేత్తో పట్టుకోండి, రెండో చెయ్యి జేబులో. స్పీకర్ గానీ 8 ఓమ్స్ 10 వాట్ల రెసిస్టర్ గానీ ఔట్‌పుట్‌కి ఎప్పుడూ తగిలించే ఉండాలి. లోడ్ లేకుండా సిగ్నల్ ఇస్తే ప్రైమరీలో లేచే వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషనే పోవచ్చు.

ఇక అసలు విషయం. సర్క్యూట్ కాగితంలోని వోల్టేజీలతో మీ వోల్టేజీలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల లాభం లేదు. ఆ కాగితం గీసినవాళ్ల మెయిన్స్ వేరు, ట్రాన్స్‌ఫార్మర్ వేరు, మీటరు వేరు. ప్రతి రెసిస్టర్ మీద పడిన వోల్టేజీని దాని విలువతో భాగించి కరెంటుగా మార్చండి. వాల్వు బాగుందో లేదో కరెంటే చెబుతుంది. ఒకే కరెంటుని రెండు మూడు చోట్ల నుంచి లెక్కగట్టి, లెక్కలు కలుస్తున్నాయో లేదో చూస్తే రెసిస్టర్లు, కపాసిటర్లు కూడా బయటపడతాయి.

మీ ఈఎల్84నే చూద్దాం. క్యాథోడ్ 10.4 వోల్టులు, రెసిస్టర్ 150 ఓమ్స్. అంటే 69 మిల్లీయాంప్స్. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద 312 నుంచి 298కి 14 వోల్టులు పడ్డాయి. 225తో భాగిస్తే ప్లేటు కరెంటు 62 మిల్లీయాంప్స్. 1కె మీద 8 వోల్టులు, అంటే 8 మిల్లీయాంప్స్. అందులో 22కె గుండా ఈసీసీ83కి పోయేది 22 వోల్టుల లెక్కన 1 మిల్లీయాంప్, మిగిలిన 7 స్క్రీన్‌ది. 62కి 7 కలిపితే 69. క్యాథోడ్ నుంచి వచ్చిన లెక్కా అదే. కాబట్టి 150 ఓమ్స్ రెసిస్టర్ నిజంగా 150 ఓమ్సే, దాని పక్కనున్న బైపాస్ ఎలక్ట్రోలిటిక్ కపాసిటర్ లీక్ కావడం లేదు, స్క్రీన్ వైరింగ్ సరిగానే ఉంది. మూడు అనుమానాలు టంకం ముట్టుకోకుండానే పోయాయి. లెక్కలు కలవకపోతే, ఉదాహరణకి క్యాథోడ్ లెక్క 45 చెప్పి ప్లేటు లెక్క 62 చెబితే, ఆ బైపాస్ కపాసిటర్ గుండా కరెంటు దొంగదారిలో పోతున్నట్టు. ట్రాన్స్‌ఫార్మర్ రెసిస్టెన్స్‌ని పవర్ ఆపి, హెచ్‌టీ దిగగానే, వేడిగా ఉన్నప్పుడే కొలవండి. రాగి వేడెక్కితే డిగ్రీకి 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. చల్లగా కొలిచిన విలువతో ప్లేటు కరెంటు కాస్త ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు 69 అనేది ఎంత ఘోరమో చూడండి. ఈఎల్84కి క్యాథోడ్ కరెంటు గరిష్ఠ పరిమితి 65 మిల్లీయాంప్స్. ప్లేటు మీద ఖర్చయ్యే పవర్: 298 నుంచి 10.4 తీసేస్తే 288 వోల్టులు, దాన్ని 62తో గుణిస్తే 17.8 వాట్లు. పరిమితి 12. స్క్రీన్ 2 వాట్లు, పరిమితీ 2. ప్లేటు ఎర్రబడటంలో వింతేం లేదు. డేటా షీట్ ప్రకారం ప్లేటుకీ స్క్రీన్‌కీ 250 వోల్టులు, గ్రిడ్‌కి మైనస్ 7.3 ఇస్తే ప్లేటు 48, స్క్రీన్ 5.5 మిల్లీయాంప్స్ తీసుకుంటాయి. అప్పుడు సరిగ్గా 12 వాట్లు. అంటే ఈ వాల్వు 250 వోల్టుల దగ్గరే అంచున ఉంటుంది. పైన ఇంకేం మిగలదు.

మొదటి తప్పు గ్రిడ్ దగ్గర ఉంది. పిన్ 2 మీద 2.1 వోల్టులు. మీరు "కొంచెమే కదా" అన్నట్టు రాశారు. క్యాథోడ్ బయాస్ సర్క్యూట్‌లో, అంటే క్యాథోడ్ రెసిస్టర్ మీద పడే వోల్టేజీయే కరెంటుని అదుపు చేసే చోట, గ్రిడ్ 470కె గుండా గ్రౌండ్‌కి వేలాడుతుంది. అందులో కరెంటు పోకూడదు, కాబట్టి అక్కడ సున్నా రావాలి. 0.05 వోల్టులు వచ్చినా అనుమానించాలి, 2 వోల్టులంటే తేల్చి చెప్పేయవచ్చు. పాజిటివ్ రావడానికి రెండే దారులు. ఒకటి, రెండో ట్రయోడ్ (ఈసీసీ83 రెండో సగం) ప్లేటు నుంచి వచ్చే కప్లింగ్ కపాసిటర్, అంటే సిగ్నల్‌ని దాటించి డీసీని ఆపాల్సినది, డీసీని లీక్ చేస్తోంది. రెండు, ఈఎల్84 లోపల గాలి చేరడం వల్లో, గ్రిడ్ వేడెక్కి తానే ఎలక్ట్రాన్లు వదలడం వల్లో గ్రిడ్ కరెంటు నడుస్తోంది.

మీ కపాసిటర్ పాత వాల్వు రేడియోలోంచి తీసిన మైనం పూత కాగితపు రకం అన్నారు కాబట్టి మొగ్గు అటే. "మీటరుతో చూశాను, ఓపెన్ అనే చూపిస్తోంది" అని కూడా రాశారు. లెక్క వేయండి. మీటరు 10 మెగ్, గ్రిడ్‌ని గ్రౌండ్‌కి కలిపే 470కె పారలల్‌గా 449కె. 2.1 వోల్టులకి 4.7 మైక్రోయాంప్స్. ఆ కరెంటు 182 వోల్టుల నుంచి రావాలంటే లీకేజీ 38 మెగ్. మామూలు మీటరు 20 మెగ్ దాటితే, కొన్ని 2 మెగ్ దాటితేనే ఓపెన్ అంటాయి. పైగా ఓమ్స్ రేంజిలో మీటరు ఇచ్చేది ఒకటి రెండు వోల్టులే. కాగితపు కపాసిటర్ ఆ వోల్టేజీకి బుద్ధిగా ఉండి 180కి బయటపడుతుంది. ఓమ్స్ రేంజిలో పాసైన కప్లింగ్ కపాసిటర్‌ని నమ్మకూడదు.

ఖాయం చేసుకోవడానికి ఈఎల్84 పీకి చూడమని చాలామంది చెబుతారు. మీ విషయంలో వద్దు. లోడ్ పోతే హెచ్‌టీ 275కి 1.41 రెట్ల దాకా, అంటే 389 వోల్టుల వైపు లేస్తుంది. మీ ఫిల్టర్ కపాసిటర్లు 400 వోల్టులవి. దానికన్నా కపాసిటర్‌కి గ్రిడ్ వైపు కాలు ఒక్కటే ఊడదీయండి. 470కె మాత్రం దాని చోటే ఉండాలి, గ్రిడ్‌ని గాల్లో వదిలితే వాల్వు కరెంటుకి అడ్డూ అదుపూ ఉండదు. ఆన్ చేసి, వేడెక్కాక పిన్ 2 చూడండి. సున్నా అయితే దోషి కపాసిటరే. వోల్టేజీ ఇంకా ఉంటే, ముఖ్యంగా నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతుంటే, వాల్వే. ఎన్నో ఏళ్లు పెట్టెలో పడి ఉన్న పాత స్టాకులో, అది మన బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్)ది కానీ విదేశీది కానీ, గ్యాసీ (లోపల గాలి చేరిన) వాల్వులు తగులుతూనే ఉంటాయి.

ఊడదీసిన ఆ కాలుతోనే ఇంకో పరీక్ష. ఎర్ర ప్రోబ్‌ని ఆ కాలికి కరిపించి, నల్లది గ్రౌండ్‌లోనే ఉంచి, 200 వోల్టుల డీసీ రేంజిలో చూడండి. ఇప్పుడు 470కె లేదు, మీటరు తాలూకు 10 మెగ్ మాత్రమే లోడ్. 38 మెగ్ లీకేజీ ఉంటే దాదాపు 38 వోల్టులు చూపిస్తుంది. మంచి కపాసిటర్ అయితే వాల్వు వేడెక్కేటప్పుడు ముల్లు ఎగిరినట్టు ఎగిరి, నిలకడకి వచ్చాక 0.1 లోపు దిగిపోతుంది. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆ కాలుకి పూర్తి ప్లేటు వోల్టేజీ ఉన్నట్టే లెక్క, వేలు తగలనివ్వకండి.

బదులు వేయాల్సింది 0.022 మైక్రో, 630 వోల్టుల పాలీప్రొపిలీన్. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట "223, 630 వోల్టు" అని అడిగితే చాలు. 400 వోల్టులది కూడా నడుస్తుంది కానీ ధరలో తేడా లేనప్పుడు ఎందుకు? ఎర్ర పాలియెస్టర్ రకం దొరికినా పరవాలేదు. దీని కోసం వేల రూపాయల "ఆడియో గ్రేడ్" కపాసిటర్ కొనక్కర్లేదు. ఆ డబ్బు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి పెడితే చెవికి తెలుస్తుంది. అదే రేడియోలోంచి తీసిన కాగితపు కపాసిటర్లు ఇంకెక్కడైనా వాడి ఉంటే అన్నీ తీసేయండి, పరీక్షించడం కూడా దండగ.

కపాసిటర్ ఒక్కటే మారిస్తే ఏమవుతుందో ముందే చెప్పవచ్చు. గ్రిడ్ సున్నాకి వస్తుంది, కరెంటు 69 నుంచి 58, 59 దగ్గరికి దిగుతుంది, క్యాథోడ్ 8.8 అవుతుంది. ఎరుపు పోవచ్చు కూడా. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ ప్లేటు మీద ఇంకా 15 వాట్లు ఉంటాయి. గ్రిడ్ వోల్టేజీ 2 తగ్గినా కరెంటు పది మిల్లీయాంప్సే తగ్గడానికి కారణం క్యాథోడ్ రెసిస్టరే. కరెంటు ఎటు జరిగినా అది వెనక్కి లాగుతుంది. అందుకే క్యాథోడ్ వోల్టేజీ ఒక్కటే చూసేవాళ్లకి 7.5కీ 10.4కీ తేడా చిన్నదిగా అనిపిస్తుంది.

రెండో తప్పు మీరు కట్టినదానిలో లేదు, గోడ సాకెట్లో ఉంది. 242ని 220తో భాగిస్తే 1.10. హీటర్ 6.3కి 1.10 పెడితే 6.93, మీకు వచ్చింది 6.9. సెకండరీ 250కి 275, మీకు వచ్చిందీ అదే. ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా చుట్టారు, తప్పు లేదు. 220కి చుట్టినదాన్ని 242కి తగిలించారంతే. హెచ్‌టీ ఎక్కువ వస్తోందని ఎవరు అడిగినా ముందు చూడాల్సింది హీటర్ వోల్టేజీ. హీటర్ కూడా అదే నిష్పత్తిలో ఎక్కువ ఉంటే మెయిన్స్ సంగతి. హీటర్ 6.3 ఉండి హెచ్‌టీ ఒక్కటే ఎక్కువుంటే వాల్వులు కరెంటు తీసుకోవడం లేదు, లేదా సెకండరీ తప్పుగా చుట్టారు. హీటర్‌ని వాల్వు సాకెట్ పిన్‌ల మీదే, వాల్వులన్నీ పెట్టి ఉండగా కొలవాలి. ఈఎల్84 0.76, ఈసీసీ83 0.3, ఈజెడ్81 1 యాంప్, మొత్తం 2.06 యాంప్స్. ఆ లోడ్ లేకుండా కొలిస్తే ఏ ట్రాన్స్‌ఫార్మర్ అయినా ఎక్కువే చూపిస్తుంది. ఒక్కో పేటలో రాత్రి పదకొండు తర్వాత మెయిన్స్ 250 దాటడమూ ఉంది కాబట్టి, సాయంత్రం ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి చూసి పెద్ద అంకెకి డిజైన్ చేసుకోండి.

దీనికి నేను చెప్పే మందు బకింగ్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే మెయిన్స్‌లోంచి కొన్ని వోల్టులు తీసేసేలా కలిపే చిన్న ట్రాన్స్‌ఫార్మర్. 230కి 18-0-18, 1 యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసుకోండి. దాని ప్రైమరీ మెయిన్స్‌కి. సెకండరీలో మధ్య వైరు, ఒక చివరి వైరు మాత్రమే వాడి, వాటిని యాంప్లిఫయర్‌కి వెళ్లే లైన్ వైరులో సిరీస్‌గా పెట్టండి. యాంప్లిఫయర్ మెయిన్స్ నుంచి లాగేది 0.2 యాంప్ చుట్టూ ఉంటుంది కాబట్టి 1 యాంప్ ధారాళంగా సరిపోతుంది. యాంప్లిఫయర్ బదులు ముందు 60 వాట్ల బల్బు పెట్టి వోల్టేజీ చూడండి. 222 వస్తే ఫేజ్ సరిగా ఉంది. 262 వస్తే కలుస్తోంది, సెకండరీ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి. ఈ సెకండరీ పేరుకి 18 వోల్టులే, నిజానికి మెయిన్స్ మీదే తేలుతూ ఉంటుంది. అందుకే మూత ఉన్న పెట్టెలో, ఫ్యూజ్ తర్వాత బిగించండి.

ఇలా చేస్తే హీటర్ కూడా 6.4కి వస్తుంది, మిగతా మందులు ఆ పని చేయలేవు. హెచ్‌టీలో రెసిస్టర్ పెట్టి దించేవాళ్లు హీటర్‌ని 6.9 దగ్గరే వదిలేస్తారు. అది పది శాతం పరిమితి అంచు, మెయిన్స్ ఇంకొంచెం లేస్తే దాటిపోతుంది.

దీంతోపాటు క్యాథోడ్ రెసిస్టర్‌ని 150 నుంచి 220 ఓమ్స్‌కి మార్చండి, 2 వాట్లది. దాని మీద ఖర్చయ్యేది అర వాటు లోపే అయినా, చల్లగా ఉన్న రెసిస్టర్ విలువ కదలదు. బైపాస్ 100 మైక్రో 25 వోల్టులది అలాగే ఉండనివ్వండి. బకింగ్ వద్దనుకుంటే 270 ఓమ్స్ వేసి, సీ1, సీ2 మధ్య 1కె తీసి 4.7కె 2 వాట్లది పెట్టండి. అప్పుడు స్క్రీన్ 300 కిందకి వచ్చి, ప్లేటు పవర్ 10 వాట్ల చుట్టూ నిలుస్తుంది. పని నడుస్తుంది, కానీ నాకు నచ్చే దారి మొదటిదే.

మూడో తప్పు ఈసీసీ83 మొదటి సగంలో. ప్లేటు 282, సీ3 కూడా 282. వాటి మధ్యనున్న 100కె ప్లేటు రెసిస్టర్ మీద ఒక్క వోల్టు కూడా పడలేదు, అంటే కరెంటు సున్నా. క్యాథోడ్ కూడా సున్నా కాబట్టి రెండూ ఒకే మాట చెబుతున్నాయి. రెండో సగం మాత్రం పాఠంలో లాగా ఉంది. 100కె మీద 100 వోల్టులు అంటే 1 మిల్లీయాంప్, క్యాథోడ్ దగ్గరి 1.5కె మీద 1.5 వోల్టులు, అదీ 1 మిల్లీయాంపే. కాబట్టి హెచ్‌టీ వస్తోంది, వాల్వు బతికే ఉంది, సగమే పని చేయడం లేదు. పాట సన్నగా రావడానికి కారణం ఇదే. మీరు వింటున్నది పక్క వైర్ల నుంచి జారి వచ్చిన సిగ్నల్.

క్యాథోడ్ రెసిస్టర్ ఓపెన్ అయి ఉంటే ఇలా రాదు. ప్లేటు ఇలాగే నిండా ఉంటుంది కానీ క్యాథోడ్ దగ్గర కొన్ని వోల్టులు నిలుస్తాయి. క్యాథోడ్ గ్రౌండ్‌కి షార్ట్ అయితే క్యాథోడ్ సున్నా చూపించి ప్లేటు బాగా కిందకి పడిపోతుంది. ప్లేటు రెసిస్టర్ 100కె బదులు 1 మెగ్ వేసేస్తే, గోధుమ నలుపు పసుపుకీ గోధుమ నలుపు ఆకుపచ్చకీ చీకట్లో తేడా తెలియక ఇది తరచూ జరుగుతుంది, ప్లేటూ క్యాథోడూ రెండూ తక్కువ వస్తాయి. ప్లేటు నిండుగా, క్యాథోడ్ ఖచ్చితంగా సున్నా అంటే మిగిలేవి రెండే: ఆ సగానికి హీటర్ వెలగడం లేదు, లేదా వాల్వు పిన్ సాకెట్‌లో తగలడం లేదు.

గది దీపం ఆర్పి వాల్వుని పైనుంచి చూడండి. ఈసీసీ83లో రెండు హీటర్లు ఉంటాయి. 6.3 వోల్టులకి వాడేటప్పుడు పిన్ 4, పిన్ 5 రెండూ కలిపి ఒక వైరు, పిన్ 9కి ఇంకో వైరు. 4, 5 మధ్య వేయాల్సిన చిన్న తీగ మర్చిపోతే ఒక సగమే వెలుగుతుంది. పిన్ 9 వదిలేసి 4, 5 మధ్య 6.3 ఇస్తే రెండూ సగం వోల్టేజీతో మసకగా ఉంటాయి, అప్పుడు రెండు ప్లేట్లూ హెచ్‌టీకి దగ్గరగా ఎక్కుతాయి. మీది మొదటి రకంలా ఉంది. తీగ ఉన్నా వెలగకపోతే వాల్వు తీసి పిన్ 4 నుంచి 9కి, 5 నుంచి 9కి ఓమ్స్ కొలవండి. రెండూ కొన్ని ఓమ్స్ మాత్రమే చూపించాలి, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒకటి ఓపెన్ అయితే ఆ వాల్వు అయిపోయింది. రెండు హీటర్లూ వెలుగుతుంటే సాకెట్ పిన్ 1, 3 క్లిప్పులు వదులయ్యాయేమో చూసి, పవర్ తీశాక సూదితో దగ్గరికి నొక్కండి. మీరు కొలిచింది సాకెట్ ట్యాగ్ మీద, వాల్వు కాలు మీద కాదు.

ఇది బాగయ్యాక సీ3 వోల్టేజీ 282 నుంచి తగ్గుతుంది. 22కె గుండా ఇప్పటిదాకా 1 మిల్లీయాంప్ పోయేది, ఇక రెండు సగాలకీ కలిపి 1.8 దాకా పోతుంది. రెండో ట్రయోడ్ ప్లేటు కూడా దిగుతుంది. చూసి కంగారు పడకండి.

మూడూ అయ్యాక, బకింగ్‌తో, 220 ఓమ్స్‌తో దాదాపు ఇలా రావాలి: హీటర్ 6.4, సీ1 295, ఈఎల్84 ప్లేటు 286, స్క్రీన్ 288, క్యాథోడ్ 9.7, గ్రిడ్ సున్నా, సీ3 248, ఈసీసీ83 రెండు ప్లేట్లూ 160 చుట్టూ, క్యాథోడ్లు 1.3. క్యాథోడ్ కరెంటు 44 మిల్లీయాంప్స్, ప్లేటు మీద 11 వాట్లు. వాల్వుని బట్టి పది శాతం అటూ ఇటూ ఉంటుంది. అంకెలు ఖచ్చితంగా కలవడం ముఖ్యం కాదు, కరెంట్ల లెక్క మూడు వైపుల నుంచీ కలవాలి, 12 వాట్లు దాటకూడదు. వెలిగించిన వెంటనే ఒకసారి, ఇరవై నిమిషాల తర్వాత ఒకసారి క్యాథోడ్ చూడండి. నిమిషనిమిషానికీ ఎక్కుతూ పోతే పైన చెప్పిన గ్రిడ్ కరెంటు కథ మళ్లీ మొదలైనట్టే.

మరమ్మతు తర్వాత మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్ వైరులో 60 వాట్ల బల్బుని సిరీస్‌గా పెట్టుకోండి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే షార్టులు లేవన్నమాట, నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి. సిరీస్ బల్బుతో వచ్చిన వోల్టేజీలను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. మెయిన్స్‌లో పెద్ద భాగం బల్బే తినేస్తుంది, హీటర్లు కూడా పూర్తిగా వేడెక్కవు.

మీటరు గురించి. మీది 10 మెగ్ కాబట్టి 2.1 కనిపించింది. నిజంగా అక్కడున్నది 2.2. రెండు మూడు వందలకి దొరికే పసుపు మీటర్లలో చాలావాటి ఇన్‌పుట్ 1 మెగ్. దానితో ఇదే గ్రిడ్ 1.5 చూపిస్తుంది. వోల్టుకి 20 కిలో ఓమ్స్ ముల్లు మీటరు 10 వోల్టుల రేంజిలో 200కె మాత్రమే, అది 0.7 చూపించి "ఏం పరవాలేదు" అనిపిస్తుంది. క్యాథోడ్ దగ్గర ఏ మీటరైనా సరిగ్గానే చెబుతుంది, ఎందుకంటే అక్కడి రెసిస్టెన్స్ చిన్నది. గ్రిడ్ దగ్గరే మోసం. బ్యాటరీ అయిపోయిన మీటరు అన్ని వోల్టేజీలూ ఎక్కువ చూపిస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. అనుమానం వస్తే కొత్త 9 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి చూడండి.

హమ్ (స్పీకర్లో వచ్చే గుంయ్‌మనే మెయిన్స్ మోత) గురించి మీరు చివర్లో ఒక వాక్యం రాశారు. సీ1 మీద ఏసీ రేంజిలో కొలవండి. 70 మిల్లీయాంప్స్ లోడ్‌కి 47 మైక్రోతో 4 వోల్టుల ఏసీ మామూలే. సీ2 మీద 0.15 చుట్టూ ఉండాలి. సీ1 మీద 8, 10 వస్తే ఈజెడ్81లో ఒక ప్లేటు పని చేయడం లేదు, లేదా కపాసిటర్ ఎండిపోయింది. చౌక మీటర్లలో ఏసీ రేంజి డీసీని ఆపదు. 300 డీసీ మీద పెడితే 600కి పైగా చూపిస్తుంది, ప్రోబ్‌లు తిప్పితే సున్నా. అలాంటిదైతే ఎర్ర ప్రోబ్‌కి 0.1 మైక్రో 630 వోల్టుల కపాసిటర్ సిరీస్‌గా పెట్టి కొలవండి. హమ్ తగ్గించాలని సీ1ని 100, 220కి పెంచకండి. ఈజెడ్81కి మొదటి కపాసిటర్ పరిమితి 50 మైక్రో, అది దాటితే లోపల నిప్పురవ్వలు వస్తాయి. పెంచాలనుకుంటే సీ2 పెంచండి. ఆ వాల్వుకి ఒక్కో ప్లేటుకి కనీసం 150 ఓమ్స్ సిరీస్ రెసిస్టెన్స్ కూడా కావాలి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల రెసిస్టెన్స్ ఇందులోకే వస్తుంది. చాలకపోతే మిగతాది 5 వాట్ల రెసిస్టర్‌తో పూరించండి.

మీరు పంపిన ఫోటోలో సరిచేయాల్సినవి ఇంకో రెండు కనిపించాయి. ఈఎల్84 పిన్ 6ని మీరు ఒక రెసిస్టర్ కట్టుకునే గూటంగా వాడారు. పిన్ 1, 6, 8 ఖాళీవి కావు, లోపల ఏదో ఒకదానికి తగిలి ఉండవచ్చు. ట్యాగ్ స్ట్రిప్ మీదకి మార్చండి. పిన్ 2కి గ్రిడ్ స్టాపర్ (వాల్వు తానే ఊగిపోకుండా ఆపే రెసిస్టర్) కూడా లేదు. 2.2కె రెసిస్టర్‌ని పిన్‌కి ఆనించి వేయండి, పిన్ 9కి 100 ఓమ్స్. ఈఎల్84 గెయిన్ ఎక్కువున్న వాల్వు, చెవికి వినపడని పౌనఃపున్యంలో ఊగిపోవడం దానికి అలవాటు. పిన్ 7కి ప్రోబ్ తగిలించగానే క్యాథోడ్ వోల్టేజీ మారిపోయినా, చెయ్యి దగ్గరికి తెస్తే అంకెలు కదిలినా అదే జరుగుతోందని అర్థం. అప్పుడు పైన వేసిన లెక్కలేవీ పనికిరావు, ముందు స్టాపర్లు వేసి మళ్లీ కొలవండి.